వట్టి పడవ రోజు కోడికూర

హోప్ టౌన్,
జూన్ 9.

ఒరే పైడిబాబూ,

దీవెనలు తరవాత, ముందు తిట్లు తిను. పోయిన షిప్పులో నీ ఉత్తరం రాలేదు. ఫెర్రీ ఎక్కి హాడో రేవుకెళ్ళి, జెట్టీ మీద ఎండలో నిలబడి, దిగిన ప్రతి సంచీ కేసీ చూసినాను. ఆఖరికి సిగ్గిడిచి మీ పోలీసు రేడియో ఆఫీసులో తిరుమలరావు గారినే అడిగీసినాను. "మీ తమ్ముడు రోజుకి మూడు పూటలా సెట్టులో ఆల్ ఓకే అని చెప్తున్నాడమ్మా, ఇంకేం కావాలి?" అన్నారు. ఆయనకి ఆ రెండు ముక్కలూ సరిపోతాయి. నాకు చాలవు.

ఈ రోజుల్లో కూడా ఉత్తరాలేటే అని జంగ్లీఘాట్ మార్కెట్లో చేపలమ్మే బేబీరాణి నవ్వుతాది. మరి ఫోను పలకని దీవిలో నీకు పోస్టింగు వేస్తే నేనేటి చెయ్యను? మీకు రేషను పట్టుకొచ్చే షిప్పే మనకి పోస్టుమేను. అది ఎప్పుడు కదులుద్దో దానికే తెలీదు.

ఇంటి సంగతులు. అయ్య పోయాక ఇది రెండో వానాకాలం. తినేది నేనొక్కదాన్నే గానీ కంచాలు రెండు కడుగుతున్నాను. చెయ్యికి అలవాటు పోలేదు. పిచ్చెక్కిందనుకోకు. అయ్య డోంగీ బాగానే తిరుగుతుంది. ఇంజను జోగులు బాబాయి చూసుకుంటన్నాడు, వల నేను లాగుతున్నాను. నా గురించి బెంగెట్టుకోకు.

ఇంకో సంగతి. మన వీధిలో శ్రీలక్ష్మి టీచరు లేదూ, ఆవిడ స్కూల్లో పిల్లలకి డిబేటు పెట్టిందట. జీవితంలో మనిషికి ఎక్కువ నేర్పేది కష్టమా, గెలుపా అని. నన్ను అడిగింది. పది తప్పినదాన్ని నన్నడుగుతావేటమ్మా, మా తమ్ముడ్ని అడగాలి, పుట్టినకాడి నుంచి ఏ పరీక్షా తప్పని మనిషి అన్నాను. నీ జవాబు రాసి పంపు, ఆవిడ పిల్లలకి చదివి వినిపిస్తుందట.

ఎండు నెత్తళ్ళు, చింతపండు, నీ పాత బనియన్లు పంపుతున్నాను. నెత్తళ్ళు డబ్బాలోనే ఉంచు, తేమ తగిలితే పురుగు పడతాది.

నీ అప్ప,
సీతాలు

~

ఔట్‌పోస్టు
(దీవి పేరు ఉత్తరాల్లో రాయొద్దంటారు),
జులై 2.

అప్పకి నమస్తే.

నీ పార్శిలు అందింది. నెత్తళ్ళు బాగున్నాయి. నేను బిల్కుల్ ఠీక్‌గా ఉన్నాను. డ్యూటీ ఠీక్. ఖానా ఠీక్. వాన రోజూ పడుతోంది.

ఇక్కడ మేం నలుగురం. అందరూ మంచివాళ్ళే. ఎవడి డ్యూటీ వాడిది, ఎవడి మంచం వాడిది. బెంగాలీ దాదా తన మొబైల్లో పాత ఫొటోలు చూసుకుంటాడు. రాంచీ భయ్యా పడుకుంటాడు. మూడోవాడు కొత్తగా వచ్చాడు, వాడికి ఎప్పుడూ కడుపునొప్పే. మాట్లాడుకోవాల్సిందంతా మొదటి నెలలోనే మాట్లాడేసుకున్నాం.

కోళ్ళు పెంచుతున్నాం. అందులో ఒకటి నా సెట్టు టేబుల్ కింద వచ్చి కూర్చుంటుంది. దానికి మేడమ్ అని పేరు పెట్టాను. ఈ దీవిలో నా తెలుగు వినేది అదొక్కటే.

టీచరమ్మ ప్రశ్నకి జవాబు: గెలుపే. పిల్లలకి అదే చెప్పమను.

డోంగీ బాగా తిరుగుతున్నందుకు ఖుషీ. నాకేమీ పంపొద్దు. అన్నీ ఉన్నాయి.

పైడిబాబు

~

హోప్ టౌన్,
జులై 25.

ఒరే,

ఇది ఉత్తరమా, మీ సెట్టులో చదివే మెసేజా? ఠీక్, ఠీక్, ఠీక్. మూడు పూటలా తిరుమలరావు గారికి చెప్పేదే నాకూ రాసినావు. నీ చేతిరాత చూస్తే కోపమొచ్చింది, మళ్ళీ ఆ కోడి ముక్క చదివితే ఏడుపొచ్చింది. తెలుగు వినడానికి కోడి తప్ప ఎవరూ లేరేట్రా? పైకి గట్టిగా చదువుకో నా ఉత్తరాలు. కనీసం నీ గొంతైనా నీకు వినబడుద్ది.

డిబేటు అయిపోయింది. నువ్వు ఆ ఒక్క ముక్క రాస్తే టీచరేటి చదువుతాది? నన్నే లాక్కెళ్ళి పిల్లల ముందు నిలబెట్టింది. కష్టమే నేర్పుద్దని చెప్పినాను. చెప్పి, అయ్య పద్ధతి చెప్పినాను.

నీకు గుర్తుందా? డోంగీ నిండా చేప పడ్డ రోజు మనింట్లో గంజీ, ఉప్పూ, మిరపకాయ. వల వట్టిదై వచ్చిన రోజు మాత్రం అయ్య బంబూఫ్లాట్ బజారు దాకా నడిచెళ్ళి అప్పో సప్పో చేసి కోడిని తెచ్చీవోడు. అమ్మ లేని ఇల్లు కదా, తనే కోసి, తనే మసాలా నూరి, జోగులు బాబాయినీ మననీ కూర్చోబెట్టి వడ్డించీవోడు. అదేటి అసిరయ్యా, వట్టి చేతులకి విందేటి అని వీధంతా నవ్వీవోరు. "నిండిన పడవ కాడికి ఊరంతా వస్తాది. వట్టి పడవకి మనమే ఎదురెళ్ళాల" అనీవోడు. ఆ మాట చెప్తే పిల్లలు చప్పట్లు కొట్టినారు తెలుసా!

నేను పది తప్పిన రోజు కూడా అంతే. చెప్పకుండా వంటింట్లో మూలకి దాక్కుంటే, అయ్య కోడిని పట్టుకుని వచ్చినాడు. కాలు ముక్క నా కంచంలో వేసినాడు. అయ్య చెయ్యి గుర్తొచ్చి, అక్కడితో ఆపీసి ఇంటికొచ్చీసినాను.

ఈసారి నాలుగు పేజీలు రాయాల. లేకపోతే నేనే షిప్పెక్కి వస్తాను, నన్నెవడు ఆపుతాడో చూస్తాను.

సీతాలు

~

ఔట్‌పోస్టు,
ఆగస్టు 20.

అప్పా,

నాలుగు పేజీలు అడిగావు కదా. తీసుకో.

కోడికూర నీకు గుర్తుంది. నాకు గంజే గుర్తుంది.

ఐదో క్లాసులో ఫస్టొచ్చాను, గంజి. పదిలో స్కూలు మొత్తం మీద ఫస్టొచ్చాను, గంజి. ఈ నౌకరీ ఆర్డరు వచ్చిన రోజు హాడో నుంచి పరిగెత్తుకుంటూ ఫెర్రీ ఎక్కాను. దిగేదాకా నా కాళ్ళు ఒక్కచోట నిలవలేదు. అయ్య ఆర్డరు చూశాడు, నా తల మీద చెయ్యి వేశాడు, ఉప్పు డబ్బా ముందుకి జరిపాడు. గంజి. నిండిన పడవ కాడికి ఊరంతా వస్తుందట! ఎవడొచ్చాడు అప్పా? ఊరు నీళ్ళకి, రేషనుకి, పనికి పోయింది. నేను గంజి తాగి పడుకున్నాను.

నువ్వు తప్పిన రోజు నాకూ ఒక ముక్క పడింది. నిజం చెప్తున్నా, ఆ రోజు నువ్వు మళ్ళీ తప్పాలని కోరుకున్నాను. చిన్నోణ్ణి. కూర కోసం కాదు. అయ్య మన మధ్య కూర్చున్నాడు, అందుకు. గంజి రోజుల్లో ఆయన నిలబడే తాగి వల బాగు చేసుకోడానికి పోయేవాడు.

నాకు గెలుపు ఏం నేర్పింది అని అడిగావు. ఒక్కడే తినడం నేర్పింది.

అసలు సంగతి ఇప్పుడు రాస్తున్నా. పోయిన వారం ప్రమోషన్ పరీక్ష పాసయ్యానని సెట్టులో చెప్పారు. తిరుమలరావు సార్ "బధాయీ హో" అన్నారు. నేను "థాంక్యూ సార్, ఆల్ ఓకే, ఓవర్" అన్నాను. బయటికొస్తే దాదా ఫొటోలు చూసుకుంటున్నాడు. భయ్యా పడుకున్నాడు. నేను వంటింట్లోకెళ్ళి స్టవ్ వెలిగించాను. మరుగు వచ్చాక చూసుకుంటే గిన్నెలో గంజి. ఎవరూ పెట్టమనలేదు. నా చేతులే పెట్టాయి. అక్కడే కింద కూర్చుని ఏడ్చాను. స్టవ్ ఆర్పడం కూడా మర్చిపోయాను. అడుగంటిన వాసనకి కూడా ఎవడూ లేవలేదు.

ప్రమోషనంటే ఇలాంటి ఔట్‌పోస్టుకే ఇంచార్జిగా మళ్ళీ వెయ్యొచ్చు. నా వల్ల కాదు. రాజీనామా రాసేశాను. వచ్చే షిప్పులో ఇన్‌స్పెక్షన్‌కి ఆఫీసరు వస్తున్నారు, ఆయన చేతిలో పెడతాను. నువ్వు తిడతావని తెలుసు.

తిట్టు. మగర్ ఒక్కసారైనా నేను కూడా వట్టి పడవతో ఇంటికి రావాలి అప్పా. నాకు కూడా ఎవరైనా ఎదురు రావాలి.

పైడిబాబు

~

హోప్ టౌన్,
సెప్టెంబరు 11.

పైడిబాబూ,

నీకు మతి పోయిందేట్రా? కోడికూర కోసం గవర్నమెంటు నౌకరీ వదులుకుంటావా? మన ఇంటా వంటా ఎవడికైనా ఉందా ఆ ఉద్యోగం? అయ్య ఉప్పునీళ్ళలో కాళ్ళు చీకిపోయేలా నిలబడితే నువ్వు బూట్లేసుకున్నావు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నాకూ కావాలని నోరు తెరిచి ఎప్పుడైనా అడిగినావా? మూతి ముడుచుకుని గంజి తాగి, ఇన్నేళ్ళకి చచ్చిపోయిన మనిషి మీద పడి ఏడుస్తావా?

ఆ కాగితం ఇచ్చినావంటే నా గుమ్మం తొక్కకు.

సీతాలు

~

హోప్ టౌన్,
సెప్టెంబరు 15.

తమ్ముడూ,

గాలి వల్ల షిప్పు హాడోలోనే ఉండిపోయింది. మొదటి ఉత్తరం వెనక్కి తీసుకుందామని ఫెర్రీ ఎక్కి పరిగెత్తినాను. తిరుమలరావు గారు ఇవ్వలేదు. సంచికి సీలు పడింది, తియ్యకూడదమ్మా అన్నారు. బతిమాలినాను, వినలేదు. ఇంకో ఉత్తరం రాసిస్తే రేపటి సంచిలో పడేస్తామన్నారు. అందుకని రెండూ నీకు అందుతాయి. మొదటిది చదివి అవతల పడెయ్. ఇది మాత్రం ఆఫీసరుకి కాగితం ఇచ్చే ముందు చదువు. మేడమ్‌కి కూడా చదివి వినిపించు.

డోంగీ లేదురా.

మే నెల గాలివానలో తాడు తెంచుకుని రాళ్ళ మీదకి పోయింది. అడుగు రెండుగా చీలిపోయింది. ఇంజను మూడు రోజులు ఉప్పునీళ్ళలో ఉంది, ఇంక అది ఇంజను కాదు. జోగులు బాబాయి రాళ్ళ మీద కూర్చుని చిన్నపిల్లాడిలాగ ఏడ్చినాడు, తరవాత లంబాలైన్‌లో కూతురింటికి వెళ్ళిపోయినాడు. నేను జంగ్లీఘాట్‌లో బేబీరాణి పక్కన కూర్చుని వేరేవాళ్ళ చేపలు కోసి పెడుతున్నాను. నీకు పంపిన నెత్తళ్ళు కూడా ఆవిడ దగ్గర కొన్నవే.

ఎందుకు చెప్పలేదంటావా? నువ్వు అక్కడ బాగున్నావనుకున్నాను. మార్కెట్లో ఎవరైనా పడవ పోయిందటగా అని జాలిగా చూస్తే, మా తమ్ముడికేటి, పోలీసు రేడియోలో ఉన్నాడు అని తల ఎత్తుకునేదాన్ని. నాకున్నది ఆ ఒక్క మాటే. దాన్ని నువ్వు తీసేస్తానంటే నా గొంతు మీద కాలేసినట్టయింది. అందుకే తిట్టినాను. నీ మీద కోపం కాదు, భయం.

నాలుగు రోజులుగా నీ ఉత్తరం తిరగేస్తున్నాను. పిల్లల ముందు గొప్పగా చెప్పొచ్చినాను కదా, కష్టమే నేర్పుద్దని. మే నెల నుంచీ నాకు వట్టి రోజులే. ఏటి నేర్చుకున్నాను? ఏటీ లేదు. చేపల వాసన ఫెర్రీలో పక్కవాళ్ళకి తగలకుండా చివర నిలబడడం నేర్చుకున్నాను. కష్టమొక్కటే వస్తే అది ఏటీ నేర్పదురా, పిండి పారేస్తాది, అంతే. పది తప్పిన రోజు నాకు నేర్పింది ఆ తప్పడం కాదు. అయ్య వచ్చి పక్కన కూర్చోడం. నీకు ఆ పక్కన కూర్చునే మనిషి రాలేదు. గెలిచినోడికి కూడా పక్కన మనిషి కావాలని ఆయనకి తోచలేదు.

అయ్యది పడవకి పెట్టిన పద్ధతిరా. పిల్లలకి పెట్టకూడదు. పడవ నిండితే దానికి ఇంకెవరూ అక్కర్లేదు, తీరానికి లాగీసి వదిలీవొచ్చు. నిన్నూ అలాగే వదిలీసినాడు. అయ్య మంచోడే. ఇందులో తప్పు చేసినాడు.

కాగితం ఇస్తావో మానేస్తావో నీ ఇష్టం. ఏది చేసినావో నాకు మాత్రం రాయకు. తెలిస్తే మళ్ళీ లెక్కలొస్తాయి, ఇది నిండిన పడవా వట్టి పడవా అని. నాకొద్దు. నువ్వు ఎప్పుడొచ్చినా, ఎలాగొచ్చినా, హాడో జెట్టీ మీద నేనుంటాను. పొయ్యి మీద కోడి ఉంటాది. ఒట్టు.

రెండో కంచం రోజూ కడుగుతూనే ఉన్నాను.

నీ అప్ప

~

ఔట్‌పోస్టు,
సెప్టెంబరు 29.

అప్పా,

రెండు ఉత్తరాలూ ఒకేసారి అందాయి. తిట్టుదే ముందు చదివాను. నిజంగా చెప్తున్నా, అదే బాగుంది. నన్ను తిట్టే మనిషి ఒకరున్నారని మర్చిపోయాను. తరవాత రెండోది చదివాను. బీచ్ మీద పడి ఉన్న దుంగ మీద కూర్చుని, గట్టిగా, నువ్వు చెప్పినట్టే. డోంగీ లేదురా అన్న దగ్గర ఆగిపోయాను.

అదే షిప్పులో దిగిన ఆఫీసరు కోళ్ళగూడు, నీళ్ళ టాంకూ అన్నీ చూస్తున్నారు. రాజీనామా నా జేబులో ఉంది. ఇంతలో పన్నెండు గంటల మెసేజికి టైమైంది. సెట్టు ముందు కూర్చున్నాను. ఆఫీసరు వెనకాలే నిలబడ్డారు. అవతల నుంచి తిరుమలరావు సార్ ఎప్పటిలాగే, "క్యా ఖబర్ హై, ఓవర్" అన్నారు.

ఆల్ ఓకే అనడానికి నోరు తెరిచాను. రాలేదు అప్పా. రోజూ మూడు పూటలా అనే మాట, ఆ పూట రాలేదు. "నాట్ ఓకే సార్" అన్నాను. "దీవి ఓకే, సముద్రం ఓకే. నేను ఓకే లేను సార్. ఇక్కడ నాతో మాట్లాడే మనిషి లేడు. ఓవర్" అన్నాను.

సెట్టులో గరగర. ఉద్యోగం పోయిందనుకున్నాను, దానికి కాగితం కూడా అక్కర్లేదనుకున్నాను. అప్పుడు సార్ తెలుగులో అడిగారు. సెట్టులో తెలుగు మాట్లాడకూడదు, ఆయనెప్పుడూ మాట్లాడలేదు. "అన్నం తిన్నావా బాబూ?" అన్నారు. ఓవర్ కూడా అనలేదు.

ఆఫీసరు ముందే ఏడ్చేశాను. సిగ్గు పడలేదు. వెనక్కి తిరిగి చూస్తే దాదా గుమ్మంలో ఉన్నాడు, చేతిలో చాయ్ గ్లాసుతో. టేబుల్ మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తనకీ రాత్రుళ్ళు నిద్ర పట్టదట. ఇన్ని నెలలూ చెప్పలేదు. చెప్తే నవ్వుతానేమోనని. నేనూ చెప్పలేదు కదా. చాయ్ చల్లారిపోయేదాకా ఇద్దరం మాట్లాడుకున్నాం, మధ్యలో రాంచీ భయ్యా కూడా లేచొచ్చాడు.

ఆఫీసరు సెలవు రాసిచ్చారు. వచ్చే షిప్పులో నా బదులు వేరేవాడు వస్తాడు, అదే షిప్పులో నేను బయల్దేరతాను. ఈ ఉత్తరం నాకంటే ముందు నీకు చేరుతుంది.

ఏది చేశావో రాయొద్దన్నావు. మగర్ నీతో అబద్ధాలు ఇంక చాలు. కాగితం ఇవ్వలేదు, చింపనూ లేదు. జేబులోనే ఉంది. ఇంటికొచ్చి కడుపు నిండా తిన్నాక ఇద్దరం కూర్చుని చూద్దాం. టీచరమ్మకి చెప్పు, నా జవాబు వెనక్కి తీసుకుంటున్నానని. కొత్తది ఇంకా తెలీదు.

ఒక్క విషయంలో మాత్రం నీ మాట వినను. నువ్వు కోడి వండొద్దు, జెట్టీకీ రావద్దు. అయ్య పద్ధతి ప్రకారం చూసినా వట్టి పడవ నాది కాదు అప్పా, నీది. మే నెల నుంచి నీకెవరూ ఎదురు రాలేదు, ఎవరూ వండి పెట్టలేదు. నువ్వు గుమ్మం దగ్గర కూర్చో. ఫెర్రీ దిగి నేనే నీకు ఎదురొస్తాను.

ఇక్కణ్ణించి ఒక కోడిని కట్టి తెస్తున్నాను. నేనే కోస్తాను, నేనే మసాలా నూరతాను, కాలు ముక్క నీ కంచంలో నేనే వేస్తాను. భయపడకు, మేడమ్ కాదులే. దాన్ని దాదాకి అప్పజెప్పాను, తెలుగు మర్చిపోనివ్వొద్దని చెప్పి.

ఉల్లిపాయలు మాత్రం తెచ్చి ఉంచు. ఇక్కడ అయిపోయాయి.

నీ తమ్ముడు